మెట్రోపోలిస్: కత్తెరలో పోయిన కారణాలు

బ్యూనస్ ఎయిర్స్‌లో ఒకప్పుడు ఫిల్మ్ క్లబ్ నడిపిన ఒకాయనకు ఒక పాత ప్రదర్శన బాగా గుర్తుండిపోయింది. అది ఒక జర్మన్ మూకీ. ఫిల్ము పాతబడి కుంచించుకుపోవడంతో ప్రొజెక్టర్‌లో నిలకడగా కదిలేది కాదు. బొమ్మ ఊగకుండా రెండు గంటలకు పైగా దాన్ని వేలితో అదిమి పట్టుకొని నిలబడవలసి వచ్చిందని ఆయన చెప్పుకొనేవారు. ఆ మాట ఫెర్నాండో మార్టిన్ పెన్యా అనే సినీ చరిత్రకారుడి చెవిన పడింది. అందులో ఆయనను ఆలోచింపజేసింది సమయం. ఆ సినిమాకు అప్పటికి ప్రపంచంలో తెలిసిన ప్రతులేవీ అంతసేపు నడవవు. అనుమానం తీరడానికి చాలా ఏళ్లు పట్టింది. 2008లో ఆ నగరంలోని సినిమా మ్యూజియంలో డబ్బాలు తెరిచి చూసినప్పుడు, ఎనభై ఏళ్లుగా నశించిందనుకున్న సుమారు 25 నిమిషాల ‘మెట్రోపోలిస్’ బయటపడింది.

దేశ రాజకీయాల గురించి రాసే చోట ఒక జర్మన్ సైన్స్ ఫిక్షన్ సినిమా ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఈ సినిమా చరిత్ర ఒక రాజకీయ ప్రశ్నకు సంబంధించినది కనుక. ఒక తిరుగుబాటు కథలోంచి దాని కారణాలను తీసేస్తే మిగిలేది ఏమిటి? ఆ కారణాలను తిరిగి చేర్చితే ఆ కథ న్యాయమైనదిగా మారుతుందా? మెట్రోపోలిస్ విడుదలైన, కత్తిరింపునకు గురైన, తిరిగి విడుదలైన క్రమం ఈ రెండు ప్రశ్నలకూ జవాబిస్తుంది. మొదటి జవాబు మనం ఊహించేదే. రెండోది అంత సౌకర్యంగా ఉండదు.

అప్పులో పుట్టిన సినిమా

1927 జనవరి 10న బెర్లిన్‌లోని ఉఫా పలాస్ట్ ఆమ్ జూ థియేటర్‌లో మెట్రోపోలిస్ తొలి ప్రదర్శన జరిగింది. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్. కథ, చిత్రానువాదం ఆయన భార్య థియా ఫాన్ హార్బోవి. ఫిల్ము పొడవు 4,189 మీటర్లు, అంటే సుమారు రెండున్నర గంటలు. 1925 మే నెలలో మొదలైన చిత్రీకరణ 1926 అక్టోబరు చివరి దాకా సాగింది. ఖర్చు 50 లక్షల మార్కులు దాటింది. నిరుద్యోగం నిండిన బెర్లిన్‌లో పనిలేనివారు వేల సంఖ్యలో గుంపు దృశ్యాలకు వచ్చారు. కార్మికుల నగరం మునిగిపోయే దృశ్యంలో నీళ్లలో నిలబడిన పిల్లలు ఆ నగర పేదవాడల నుంచి వచ్చినవారే.

కథ స్థూలంగా ఇది. భవిష్యత్తులోని ఒక మహానగరంలో పైన ధనికుల భవంతులు, ఉద్యానాలు. నేల కింద యంత్రాలు, ఆ యంత్రాలకంటే కింద కార్మికుల ఇళ్లు. నగరాధిపతి జో ఫ్రెడర్‌సన్. అతని కొడుకు ఫ్రెడర్ ఒకనాడు కిందికి దిగి, యంత్రం ముందు మనుషులు కూలిపోవడం చూస్తాడు. భూగర్భ సమాధుల్లో కార్మికులకు ఓర్పు బోధించే మరియా, తలకూ చేతులకూ మధ్య హృదయం మధ్యవర్తిగా రావాలని చెబుతుంటుంది. రోట్‌వాంగ్ అనే శాస్త్రజ్ఞుడు తాను తయారుచేసిన యంత్రమానవికి మరియా రూపమిస్తాడు. ఆ నకిలీ మరియా కార్మికులను విధ్వంసానికి రెచ్చగొడుతుంది. వారు నగరానికి గుండెకాయ వంటి యంత్రాన్ని పగలగొడతారు. నీరు ముంచెత్తేది వారి సొంత ఇళ్లనే. చివరికి చర్చి వాకిట ఫ్రెడర్ తన తండ్రి చేతినీ, కార్మికుల మేస్త్రీ గ్రోట్ చేతినీ కలుపుతాడు.

ఈ సినిమాను నిర్మించిన ఉఫా సంస్థ పుట్టుకే రాజకీయమైనది. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ, 1917 డిసెంబరులో, సేనాని లూడెన్‌డార్ఫ్ ప్రోద్బలంతో, డాయిష్ బ్యాంక్ వంటి సంస్థల పెట్టుబడితో, ప్రచార అవసరాల కోసం అది ఏర్పడింది. యుద్ధం ఓడిపోయాక వ్యాపార సంస్థగా మారి హాలీవుడ్‌తో పోటీ పడాలని చూసింది. ఆ పోటీలో మునిగి, 1925 డిసెంబరులో పారామౌంట్, మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థల నుంచి 40 లక్షల డాలర్ల అప్పు తీసుకుంది. ‘పారుఫామెట్’ అనే ఉమ్మడి పంపిణీ ఒప్పందం ఆ అప్పుతో వచ్చిన షరతు. 1924 డాస్ ప్రణాళిక తరువాత జర్మనీ ఆర్థిక వ్యవస్థ మొత్తం అమెరికా అప్పు మీద నిలబడిన తీరుకు ఈ ఒప్పందం చిన్న నమూనా. అప్పు ఇచ్చినవాడికి సరుకు మీద అధికారం వస్తుంది. ఇక్కడ సరుకు ఒక సినిమా.

హెల్ అనే పేరు

అమెరికాలో విడుదలకు సినిమాను సిద్ధం చేసే పనిని పారామౌంట్ సంస్థ చానింగ్ పొలాక్ అనే నాటక రచయితకు అప్పగించింది. ఆయన దాదాపు నాలుగో వంతు తీసేసి, శీర్షికలు మార్చి రాశారు. 1927 మార్చిలో న్యూయార్క్‌లో విడుదలైన సినిమా బెర్లిన్‌లో జనం చూసిన సినిమా కాదు.

తీసేసినవాటిలో అన్నింటికంటే ముఖ్యమైనది ఒక పేరు: హెల్. మూలకథలో హెల్ అనే స్త్రీని రోట్‌వాంగ్ ప్రేమించాడు. ఆమె ఫ్రెడర్‌సన్‌ను పెళ్లాడింది. ఫ్రెడర్‌ను కని చనిపోయింది. రోట్‌వాంగ్ తన ఇంట్లో ఆమెకు ఒక స్మారక శిల్పం పెట్టుకున్నాడు. యంత్రమానవిని చేసింది పోయిన హెల్‌ను తిరిగి తెచ్చుకునేందుకే. నగరాధిపతి ఆజ్ఞకు తలవంచినట్లు నటిస్తూనే, అతని నగరాన్నీ కొడుకునూ నాశనం చేయాలని చూసింది ఆ పగతోనే. ఇంగ్లిష్‌లో ఆ పేరు నరకం అనే మాటలాగా వినిపిస్తుందని పొలాక్ ఆ పాత్రనే తొలగించారు. దాంతో రోట్‌వాంగ్‌కు కారణం లేకుండా పోయింది. యజమాని కోసం కూలివాళ్లకు బదులు యంత్రాలను చేసే పిచ్చి శాస్త్రజ్ఞుడుగా మిగిలాడు.

మిగతా కోతలు చిన్నవిగా కనిపిస్తాయి కానీ, రాజకీయంగా వాటి బరువు ఎక్కువ. గియోర్గి అనే కార్మికుడు ఉన్నాడు. టోపీ మీద రాసిన 11811 అనే అంకె అతని గుర్తింపు. ఫ్రెడర్ అతని స్థానంలో యంత్రం ముందు నిలబడి, తన బట్టలు అతనికిచ్చి పంపుతాడు. జేబులో డబ్బు చూసుకున్న గియోర్గి చెప్పిన చోటుకు వెళ్లకుండా నగరంలోని విలాస గృహం వైపు తిరుగుతాడు. తప్పు చేస్తాడు, పట్టుబడతాడు, చివరికి ఫ్రెడర్‌ను కాపాడబోయి కత్తిపోటుకు గురై చనిపోతాడు. జోసఫాట్ అనే గుమాస్తా ఉన్నాడు. ప్రమాద వార్త తనకంటే ముందు కొడుకు నోట విన్నానన్న కోపంతో ఫ్రెడర్‌సన్ అతన్ని ఉద్యోగం నుంచి తీసేస్తే ఆత్మహత్యకు సిద్ధపడతాడు. ఇక ‘సన్నటి మనిషి’ అని పిలిచే ఒక గూఢచారి ఉన్నాడు. అతను కొడుకును వెంటాడతాడు, గియోర్గిని పట్టుకుంటాడు, జోసఫాట్‌ను డబ్బుతో కొనబోయి బెదిరిస్తాడు. ఈ ముగ్గురి కథలూ పొలాక్ కత్తెరలో దాదాపుగా పోయాయి.

పోయినవాటిని వరుసగా పెట్టి చూడండి. పేరున్న ఒక కార్మికుడు, బలహీనతా త్యాగమూ రెండూ ఉన్నవాడు పోయాడు. ఒక్క మాటతో వీధిన పడే మధ్యతరగతి ఉద్యోగి పోయాడు. యజమాని నడిపే నిఘా పోయింది. ఇవన్నీ తీసేశాక తెరమీద మిగిలింది ఒక మంచి యువకుడు, ఒక సాధ్వి, ఒక మాయలాడి, వారి వెనుక ఒక గుంపు. గుంపుకు ముఖం ఉండదు. ఎవరు పిలిస్తే వారి వెంట పరుగెడుతుంది, చేతికందింది పగలగొడుతుంది.

మన దేశంలో సినిమాకు కత్తెర అనగానే సెన్సారు బోర్డు గుర్తొస్తుంది. ఎమర్జెన్సీ కాలంలో ‘కిస్సా కుర్సీ కా’ నెగటివ్‌ను దహనం చేసిన ఉదంతం మన రాజకీయ జ్ఞాపకంలో ఉంది. అందువల్ల ప్రభుత్వం చేసే కోతను మనం గుర్తుపడతాం, నిరసిస్తాం. మెట్రోపోలిస్‌ను కోసినవారు ప్రభుత్వం కాదు. అప్పిచ్చినవారు, పంపిణీదారులు. వారికి కార్మికుల మీద ప్రత్యేక ద్వేషం ఉందనడానికి ఆధారం అక్కరలేదు. ఆట సమయం తగ్గాలి, కథ సులువుగా అర్థం కావాలి, పేరు అభ్యంతరకరంగా ఉండకూడదు. ఈ మూడు వ్యాపార కారణాలే చాలాయి.

కొత్త యజమాని

ఆ ఏడాది వసంతంలోనే దివాలా అంచున ఉన్న ఉఫాను పత్రికాధిపతి ఆల్‌ఫ్రెడ్ హూగెన్‌బెర్గ్ కొన్నారు. జర్మనీలో అతిపెద్ద పత్రికా సామ్రాజ్యాల్లో ఒకదానికి అధిపతి ఆయన. 1928లో జాతీయవాద మితవాద పార్టీకి నాయకుడయ్యారు. 1933 జనవరిలో హిట్లర్ తొలి మంత్రివర్గంలో ఆర్థిక, వ్యవసాయ శాఖలు చేపట్టారు. పత్రికలూ సినిమాలూ ఒకే చేతిలో ఉండి, ఆ చేయి ఒక రాజకీయ పక్షానిదైతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఆయన జీవితం చదివితే చాలు.

ఆయన చేతికి వచ్చిన ఉఫా, బెర్లిన్‌లో తొలుత చూపిన ప్రతిని పక్కన పెట్టింది. అమెరికన్ కోతను నమూనాగా తీసుకొని సినిమాను 3,241 మీటర్లకు కుదించి 1927 ఆగస్టులో జర్మనీ అంతటా తిరిగి విడుదల చేసింది. అంటే దాదాపు 950 మీటర్లు పోయాయి. మొదటి ప్రతిని చూసినవారు బెర్లిన్‌లో కొన్ని నెలలపాటు ఒకే థియేటర్‌లో నడిచినప్పుడు చూసినవారు మాత్రమే. జర్మనీలోని మిగతావారికి కూడా ఆ సినిమా కత్తిరించిన రూపంలోనే పరిచయమైంది. తరువాతి దశాబ్దంలో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఉఫా నుంచి తెచ్చుకున్న ప్రతి కూడా కుదించినదే. ప్రపంచవ్యాప్తంగా ఫిల్మ్ సొసైటీలు, విశ్వవిద్యాలయాలు చూసిన మెట్రోపోలిస్ ఇలాంటి ప్రతుల సంతానమే.

నేను జర్నలిజం పీజీ చదివే రోజుల్లో చూసింది కూడా అలాంటి ఒక గంటన్నర ప్రతినే. చూశాక నోట్సులో ఒక వాక్యం రాసుకున్నాను: దర్శకుడికి కార్మికులంటే భయం. ఆ అభిప్రాయం పూర్తిగా తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ సగం సాక్ష్యంతో రాసిన తీర్పు అది.

అతుకుల చరిత్ర

పోయినదాన్ని వెతికే పని దశాబ్దాలు సాగింది. 1984లో సంగీత దర్శకుడు జార్జో మోరోడర్ ఈ సినిమాకు రంగులద్ది, శీర్షికల స్థానంలో ఉపశీర్షికలు వేసి, ఫ్రెడీ మెర్క్యురీ వంటివారి పాటలు జోడించి విడుదల చేశారు. నిడివి గంటన్నర కూడా లేదు. పండితులు ముఖం చిట్లించారు. కానీ హెల్ కథను కొంతైనా తిరిగి తెరపైకి తెచ్చింది, కొత్త తరాన్ని ఈ సినిమా వైపు మళ్లించింది ఆ ప్రయత్నమే. అదే దశాబ్దంలో మ్యూనిక్ సినిమా మ్యూజియంలో ఎన్నో పటాలాస్ చాలా ఓపికగా మూలాన్ని పునర్నిర్మించే పని చేశారు. 2001లో మూర్నావ్ ఫౌండేషన్ తరఫున మార్టిన్ కోయెర్బర్ రూపొందించిన 124 నిమిషాల ప్రతి బెర్లిన్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. దృశ్యాలు దొరకనిచోట ఏమి పోయిందో అక్షరాల్లో చెప్పింది. అదే సంవత్సరం యునెస్కో ‘ప్రపంచ జ్ఞాపక’ పట్టికలో ఈ సినిమాకు చోటు దక్కింది.

ఈ పనిలో వారికి దొరికిన ఆధారాలు మూడు. మొదటిది గాట్‌ఫ్రీడ్ హూపెర్ట్స్ రాసిన సంగీత లిపి. ఏ స్వరం దగ్గర తెరపై ఏముండాలో వెయ్యికి పైగా సూచనలు అందులో ఉన్నాయి. రెండోది వివిధ దేశాల్లో మిగిలిన ముక్కలు. అప్పట్లో నకళ్లు తీయడం కష్టం కనుక ఒకే దృశ్యాన్ని పలుమార్లు, పక్కపక్కన కెమెరాలతో తీసి, జర్మనీకి ఒకటి, పారామౌంట్‌కు ఒకటి, ఎగుమతికి ఒకటిగా మూడు నెగటివ్‌లు కూర్చారు. ఒక్కో దేశపు ప్రతిలో అదే దృశ్యం కాస్త భిన్నంగా ఉండటానికి కారణం అదే. మూడో ఆధారం సెన్సారు కార్యాలయపు పత్రం. అనుమతి ఇచ్చేముందు అధికారులు ప్రతి శీర్షికనూ అక్షరం పొల్లుపోకుండా నమోదు చేశారు. వ్యాపారం పారేసిన మాటలను ఫైలు దాచింది. సెన్సారు గుమాస్తాకు సినీ చరిత్ర రుణపడే సందర్భాలు అరుదు, ఇది అలాంటిది.

ఆ మాటల్లో ఒకటి చాలా ముఖ్యమైనది. బందీగా ఉన్న మరియాతో రోట్‌వాంగ్ ఒక రహస్యం చెబుతాడు. కిందివారు హింసకు దిగి తప్పు చేయాలన్నదే ఫ్రెడర్‌సన్ కోరిక, అప్పుడు వారిమీద బలప్రయోగం చేసే హక్కు తనకు దక్కుతుంది అన్నది దాని భావం. యంత్రాగారం తలుపులు మూసి కాపలా కాస్తున్న మేస్త్రీ గ్రోట్‌కు ఫోన్ చేసి, తలుపులు తెరవమని ఆజ్ఞాపించేది కూడా నగరాధిపతే. ఉద్యమంలోకి మనుషుల్ని చొప్పించి, రెచ్చగొట్టి, ఆ తరువాత శాంతిభద్రతల పేరుతో అణచివేయడం ఏ దేశ రాజకీయ విలేఖరికైనా తెలిసిన పద్ధతే. 1927లోనే దాన్ని ఇంత స్పష్టంగా చెప్పిన సినిమా ఇది.

బ్యూనస్ ఎయిర్స్‌లో దొరికిన ప్రతికి కూడా ఒక చరిత్ర ఉంది. అడాల్ఫో విల్సన్ అనే పంపిణీదారు కోతకు ముందే బెర్లిన్ ప్రతిని కొని అర్జెంటీనాకు తెచ్చారు. అది ఒక విమర్శకుడి సేకరణలోకి, అక్కడి నుంచి ప్రభుత్వ కళానిధికి చేరింది. మండే స్వభావమున్న పాత నైట్రేట్ ఫిల్మును 16 మిల్లీమీటర్ల నెగటివ్‌గా మార్చి, అసలును వదిలేశారు. మార్చేటప్పుడు గీతలను శుభ్రం చేయలేదు, ఫ్రేము అంచులు తెగిపోయాయి. అదే చివరకు మ్యూజియానికి చేరింది. 2008లో ఆ మ్యూజియం బాధ్యతలు చేపట్టిన పావులా ఫెలిక్స్ డిడియర్, పెన్యాతో కలిసి దాన్ని వెలికితీశారు. పునరుద్ధరించిన సినిమా 2010 ఫిబ్రవరి 12న బెర్లిన్‌లో ప్రదర్శితమైంది. బ్రాండెన్‌బర్గ్ ద్వారం దగ్గర, మంచులో నిలబడి కూడా జనం చూశారు. కొత్తగా చేరిన దృశ్యాలు గీతలు గీతలుగా, వాననీటి చాటు నుంచి చూసినట్లు ఉంటాయి. ఎక్కడ కత్తెర పడిందో పాఠం చదివినంత తేలికగా తెలిసిపోతుంది. ఆ గాయాలను పూర్తిగా మాన్పకుండా వదిలేయడమే మంచిదైంది. రెండు చోట్ల మాత్రం దృశ్యాలు ఇంకా దొరకలేదు.

మొత్తం చూశాక

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి, మూలంలో గొప్ప విప్లవ చిత్రం ఉండేదనీ, వ్యాపారులు దాన్ని చెడగొట్టారనీ అనుకోవచ్చు. అలా ముగిస్తే బాగుంటుంది కూడా. కానీ పూర్తి ప్రతిని చూసినప్పుడు అసలు ఇబ్బంది మొదలవుతుంది. కారణాలన్నీ తిరిగొచ్చాయి. గియోర్గి వచ్చాడు, జోసఫాట్ వచ్చాడు, గూఢచారి వచ్చాడు. ముగింపు మాత్రం మారలేదు.

ఆ చేతులు కలిపిన దృశ్యాన్ని నిదానంగా చూడండి. కార్మికుల తరఫున చేయి చాపింది గ్రోట్. సినిమా మొదట్లో చనిపోయిన కార్మికుల జేబుల్లో దొరికిన రహస్య పటాలను తీసుకెళ్లి యజమానికి అందించింది ఈ గ్రోటే. యంత్రాన్ని పగలగొట్టవద్దని తోటివారిని అడ్డుకున్నదీ అతనే. అంటే యజమాని తన నమ్మకస్తుడితోనే చేయి కలిపాడు. మధ్యవర్తి ఎవరు? యజమాని కొడుకు. ఆ కరచాలనంలో కూలి రేటు లేదు, పని గంటలు లేవు, సంఘం లేదు. రెచ్చగొట్టే కుట్ర చేసిన నగరాధిపతికి శిక్ష కూడా లేదు. కొడుకు ప్రాణం పోతుందేమోనన్న భయంతో జుట్టు తెల్లబడటమే అతనికి పడిన దండన.

సినిమాలో ఒక గడియారం ఉంది. దాని ముఖం మీద అంకెలు పది. కార్మికుల పని వంతు పది గంటలు. దీన్ని భవిష్యత్తు గురించిన చమత్కారంగా చాలామంది చూస్తారు. నాటి బెర్లిన్ కార్మికుడికి అది నిన్నటి వార్త. 1918 నవంబరులో, విప్లవం రగులుతున్న వారంలో, పారిశ్రామికవేత్త హూగో స్టిన్నెస్, కార్మిక నాయకుడు కార్ల్ లేగియన్ ఒక ఒప్పందంపై సంతకాలు చేశారు. యజమానులు సంఘాలను గుర్తించారు, ఎనిమిది గంటల పనిదినానికి అంగీకరించారు. తలకూ చేతులకూ మధ్య నిజంగా జరిగిన కరచాలనం అది. విప్లవ భయం తగ్గి, 1923 ద్రవ్యోల్బణం సంఘాలను పీల్చి పిప్పి చేశాక, ఆ డిసెంబరులో వచ్చిన ఉత్తర్వు పది గంటల పనికి దారి తెరిచింది. లాంగ్, హార్బో సినిమా తీసేనాటికి ఆ కరచాలనం విఫలమైపోయింది. పది అంకెల గడియారాన్ని తెరపై చూపించిన సినిమా, దాన్ని మార్చే ఊసెత్తకుండా మళ్లీ చేతులు కలపమని చెప్పింది.

ఆరేళ్ల తరువాత ఆ సలహాను మరొకరు అమలు చేశారు. 1933 మే 2న నాజీలు కార్మిక సంఘాల కార్యాలయాలను ఆక్రమించారు. వాటి స్థానంలో యజమానులనూ కార్మికులనూ ఒకే గొడుగు కిందికి తెచ్చే ‘జర్మన్ లేబర్ ఫ్రంట్’ వచ్చింది. 1934 జనవరి చట్టం ప్రతి కర్మాగారాన్ని ఒక ‘సమాజం’గా ప్రకటించి, యజమానిని దాని నాయకుడనీ, కార్మికులను అనుచరులనీ పిలిచింది. వర్గ వైరుధ్యం మాట పోయింది, హృదయాల ఐక్యత మాట వచ్చింది. జర్మనీ సినిమాల మీద 1947లో పుస్తకం రాసిన జీగ్‌ఫ్రీడ్ క్రాకావర్, మెట్రోపోలిస్ ముగింపులో ఈ పోలికనే పట్టుకున్నారు. సినిమా నాజీలను సృష్టించిందని అనడం అతిశయోక్తి. వారికి పనికొచ్చే భావన అప్పటికే జనరంజకంగా ఉందని ఈ ముగింపు చూపిస్తుంది. లాంగ్ కూడా తరువాతి కాలంలో ఈ సందేశాన్ని తన సినిమా బలహీనతగా ఒప్పుకున్నారు.

బెళగావి, అహమ్మదాబాద్

1933లో దంపతులు విడిపోయారు. లాంగ్ జర్మనీ విడిచి వెళ్లారు. హార్బో అక్కడే ఉండి నాజీ పాలనలో సినిమాలు రాశారు, ఆ పార్టీలో చేరారు. ఇక్కడే మన దేశంతో ఒక సంబంధం ఉంది. ఆమె తరువాతి జీవిత సహచరుడు బెళగావి ప్రాంతం నుంచి వెళ్లి బెర్లిన్‌లో పాత్రికేయుడిగా పనిచేసిన అయి గణపత్ తెందూల్కర్. జాతి శుద్ధి సిద్ధాంతం ఏలుతున్న దేశంలో పేరున్న రచయిత్రి ఒక భారతీయుడిని బహిరంగంగా పెళ్లాడటం సాధ్యం కాక, రహస్యంగా పెళ్లి చేసుకున్నారు. యుద్ధం ముంచుకురావడంతో తెందూల్కర్ భారతదేశానికి తిరిగివచ్చారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లి, తరువాత సేవాగ్రామ్‌లో గాంధీ సమక్షంలో ఇందుమతి గుణాజీని వివాహం చేసుకున్నారు. జర్మనీలోని భారతీయులకు సాయపడేందుకే పార్టీలో చేరానని యుద్ధం తరువాత హార్బో చెప్పుకొన్నారు. ఆ మాటను ఎంతవరకు నమ్మాలన్నది పాఠకుల ఇష్టం. తన జీవితంలో అన్యాయాన్ని ఎదుర్కొన్న మనిషి కూడా, అధికారంతో చేయి కలిపితే మంచి చేయవచ్చని నమ్మగలదని మాత్రం ఇది చెబుతుంది. ఆమె రాసిన సినిమా చెప్పిందీ అదే కదా.

గాంధీ పేరు వచ్చింది కనుక ఒక పోలిక తప్పదు. మధ్యవర్తిత్వం అనే భావననే తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1918 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అహమ్మదాబాద్ మిల్లు కార్మికుల పోరాటాన్ని చూడండి. యజమానుల నాయకుడు అంబాలాల్ సారాభాయ్. కార్మికుల పక్షాన నిలిచింది ఆయన సొంత అక్క అనసూయా సారాభాయ్. ఫ్రెడర్ కథకు ఇంతకంటే దగ్గరి నిజజీవిత ఉదాహరణ దొరకదు. అక్కడా యజమానీ కార్మికుడూ ఒక కుటుంబమనే మాట వినిపించింది. కానీ ఆ మాట వెనుక ఒక అంకె ఉంది. యజమానులు 20 శాతం పెంపు ఇస్తామన్నారు. కార్మికులు 35 శాతం కావాలన్నారు. గాంధీ నిరాహార దీక్ష, ఆ తరువాత మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ తీర్పు. వచ్చింది 35 శాతం. 1920లో కార్మికులకు ‘మజూర్ మహాజన్’ అనే సొంత సంఘం ఏర్పడింది. గాంధీ ధర్మకర్తృత్వ సిద్ధాంతం మీద విమర్శలు అనేకం ఉన్నాయి, వాటిలో కొన్ని నావి కూడా. అయినా అహమ్మదాబాద్‌లో చేతులు కలిసేముందు కాగితం మీద ఒక అంకె ఉంది, ఆ కాగితాన్ని కాపాడుకునే సంఘం తరువాత వచ్చింది. మెట్రోపోలిస్ చర్చి మెట్ల మీద ఆ రెండూ లేవు.

విలేఖరి వాటా

కొన్నేళ్ల క్రితం ఉత్తరాదిలో ఒక పారిశ్రామిక వాడలో సమ్మె హింసాత్మకమైనప్పుడు వార్త పంపాను. మొదటి సగంలో నెలల తరబడి సాగిన కారణాలు: కాంట్రాక్టు పద్ధతి, విరామ సమయం, సంఘం నమోదుకు ఎదురైన అడ్డంకులు. రెండో సగంలో తగలబడిన వాహనాలు. మరునాడు అచ్చయింది రెండో సగమే. స్థలం చాలలేదన్నారు డెస్కు మిత్రులు. అది అబద్ధం కాదు. పొలాక్‌కు కూడా స్థలమే చాలలేదు. ఆ కత్తిరింపును నేను గట్టిగా ప్రశ్నించలేదన్నది నా వాటా.

అందుకే ఈ సినిమా చరిత్రను రెండు పాఠాలుగా చదువుకుంటాను. కార్మికులు, రైతులు, విద్యార్థులు విధ్వంసానికి దిగారని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ కథలో ఏ నాలుగో వంతు లేదో ముందు అడగాలి. హెల్ ఎక్కడ, గియోర్గి ఎక్కడ, తలుపులు తెరవమని ఫోన్ చేసినదెవరు అని అడగాలి. ఆ తరువాత, అంతా సర్దుకుందని చేతులు కలిపిన ఫొటో వచ్చినప్పుడు మరో ప్రశ్న అడగాలి. ఆ చేయి ఎవరిది, అతన్ని ఎవరు ఎన్నుకున్నారు, కాగితం మీద అంకె ఎంత?

పోయిన ఫిల్మును వెతకడానికి ఎనభై ఏళ్లు పట్టింది. ఈ ప్రశ్నలు అడగడానికి అంత సమయం అక్కరలేదు. ఆ సినిమా గడియారంలో మాత్రం ఇప్పటికీ అంకెలు పదే ఉన్నాయి. మన రాష్ట్రాల్లో పని గంటల పెంపు మీద చర్చ జరిగిన ప్రతిసారీ నాకు ఆ గడియారం గుర్తొస్తుంది.